ఒక్క లోపం లేని బల్ల

రైల్వే శిక్షణ పాఠశాల రెండో అంతస్తులో, నడవా చివరి గదిలో, ముప్పై అడుగుల బల్ల ఒకటి ఉంది. దాని మీద మూడు చిన్న స్టేషన్లు, వాటిని కలిపే పట్టాలు, అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగైన రైలు పెట్టెలు. ఆ బల్ల కింద ఇరవై ఆరేళ్ళుగా ఒక మనిషి కాపురం ఉంటున్నాడు. కాపురం అన్న మాట ఊరికే అనలేదు. ఇంట్లో కుర్చీలో కూచున్న గంటల కన్నా ఆయన ఆ బల్ల కింద వెల్లకిలా పడుకున్న గంటలే ఎక్కువ. మొహం మీద వైర్లు, వీపు కింద చాప, నోట్లో స్క్రూలు. పాఠశాలలో అందరూ ఆయన్ని బొమ్మల మేస్త్రి అంటారు. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. పోను పోను మండే ఓపిక కూడా పోయింది.

బొమ్మ కదా అని తేలిగ్గా తీసిపారేయకండి. స్టేషన్ మాస్టర్ కావాలనుకునేవాళ్ళు నిజం బళ్ళ జోలికి పోకముందు ఈ బల్ల దగ్గర పరీక్ష నెగ్గాలి. గది మధ్యలో మందపాటి నీలం తెర ఉంటుంది. తెరకి ఇటు బల్ల, మేస్త్రి. అటు మీటలూ దీపాలూ ఉన్న ప్యానెలు, దాని ముందు పరీక్ష రాసే మనిషి, పక్కన పరీక్షాధికారి. మీటలు లాగే మనిషికి బండి కనపడదు. దీపాలే కళ్ళు. ఒక లైన్లో పెట్టె నిలబడి ఉంటే ప్యానెల్ మీద ఆ లైను ఎర్రగా వెలుగుతుంది. ఖాళీగా ఉంటే వెలగదు. ఎర్రగా ఉన్న లైన్లోకి బండిని పిలిచారా, ఢీ. అది చిటికెనవేలంత ఢీ అయినా సరే, మనిషి తప్పినట్టే.

దీపం వెలగడంలో పెద్ద మాయేం లేదు. పెట్టె ఇనప చక్రాలు రెండు పట్టాలనీ కలిపితే సన్నటి కరెంటు పారుతుంది. చక్రానికీ పట్టాకీ మధ్య వెంట్రుకవాసి మురికి చేరిందంటే పారదు. అప్పుడు పెట్టె ఎదురుగా ఉన్నా ప్యానెల్ దృష్టిలో లేనట్టే. అందుకని మేస్త్రి తుడుస్తాడు. పొద్దున రాగానే తుడుస్తాడు, క్లాసుకీ క్లాసుకీ మధ్య తుడుస్తాడు, బండి పట్టా తప్పితే చాలు, దాన్ని ఎత్తి పెడుతూనే రెండో చేత్తో స్పిరిట్ గుడ్డ తీసి ఆ చోటంతా తుడిచేస్తాడు. తల్లి పిల్లాడి ముక్కు తుడిచినట్టు, ఆలోచించకుండా తుడుస్తాడు. ఆయన ఉద్యోగం గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెప్పాలి.

తెర వెనక ఉండీ ఉండీ ఆయనకి మనుషులు చప్పుడుగానే తెలుసు. మీటని భయంభయంగా లాగేవాడు, కోపంగా లాగేవాడు, లాగి మళ్ళీ వెనక్కి నెట్టి మళ్ళీ లాగేవాడు. మొహాలు తెలియవు. వాళ్ళు నెగ్గి ఎక్కడో నిజం స్టేషన్లలో నిజం బళ్ళు నడుపుతుంటారు. ఒక్కరు కూడా తిరిగొచ్చి మేస్త్రీ బాగున్నావా అన్న పాపాన పోలేదు. ఎందుకు వస్తారు? తెర వెనక మనిషున్నాడని వాళ్ళకి గుర్తుంటే కదా.

అలాంటి రోజుల్లో కొత్త ప్రిన్సిపాల్ గారు గదిలోకొచ్చి బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి పెదవి విరిచారు.

"బోడిగా ఉందేంటయ్యా ఇది?"

"బోడిగా ఉంటేనే సార్ తుడుచుకోడానికి వీలు."

"వచ్చే నెల పైనుంచి బృందం వస్తోంది. ఫొటోలు తీస్తారు. పట్టాలూ వైర్లూ చూపిస్తే ఏం బాగుంటుంది? కొండలు పెట్టు. చెట్లు పెట్టు. ఒక సొరంగం పెట్టు. నీ చేతుల్లో పనుందని అందరూ అంటారు."

"మధ్యలో పరీక్షలున్నాయి సార్."

"ఉండనీ. పరీక్షలకి కొండలేం అడ్డం? తెర ఉందిగా."

ప్రిన్సిపాల్ గారు చెడ్డవారు కాదు. అన్నిటికీ తొందర, అంతే. మేస్త్రికి ఎదురు చెప్పడం రాదు. తల ఊపి, నడుం పట్టుకుని, మళ్ళీ బల్ల కిందికి దూరాడు.

ఆ సాయంత్రం నుంచి ఇల్లు ఇల్లు కాదు. భార్య ఆసుపత్రిలో దుప్పట్లూ గౌన్లూ కుట్టే విభాగంలో పనిచేస్తుంది. రోజంతా కుట్టుమిషను తొక్కి ఇంటికొచ్చేసరికి వంటగదిలో గిన్నెలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. రంపపు పొట్టుకి రంగు కలిపి, టీ వడకట్టే జల్లెడలో వడకట్టి, ఆవిడ ఇస్త్రీ బల్ల మీద పాత పేపర్లు పరిచి ఆరబెట్టాడు ఆయన.

"ఏంటిది?"

"గడ్డి."

"వంటగది గోడకి సున్నం వెయ్యండి మహాప్రభో అని ఏడాదిగా మొత్తుకుంటున్నా. నడుం నొప్పి అన్నారు. గడ్డి మొలిపించడానికి నొప్పి లేదా?"

"ఇది ఆఫీసు పని."

"అయితే మన గోడ కూడా తీసుకెళ్ళి మీ బల్ల మీద పెట్టండి. అప్పుడైనా దానికి సున్నం పడుతుంది."

అంటూనే ఆవిడ కుర్చీ లాక్కుని కూచుని, గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుని కత్తెరతో ముక్కలు చేసి, ఆయన మెలేసిన రాగి తీగలకి చెట్ల తలలు గుచ్చడం మొదలుపెట్టింది. ఇద్దరికీ కళ్ళు మూతలు పడుతున్నాయి. పద్దెనిమిది చెట్లు అయ్యేసరికి, ఇక నా వల్ల కాదు, మిగతా అడవి రేపు అని ఆవిడ లేచిపోయింది.

బల్ల దగ్గర పని ఇంకా చాకిరీ. అట్టముక్కలతో కొండకి ఎముకలు కట్టాడు. మైదా జిగురులో నానేసిన పేపరు ముక్కలు వాటి మీద పొరలు పొరలుగా అంటించాడు. పైన పూత, పూత మీద రంగు, రంగు మీద గడ్డి. సొరంగం నోరు అట్టతో కోసి పెడితే చిన్న పెట్టెలు దూరాయి గానీ పొడుగు పెట్టె వంపులో గోడకి రాసుకుని ఆగిపోయింది. కోసి వెడల్పు చేశాడు. కొండ బరువుకి కింద పలక ఒక పిసరు కుంగింది. కుంగేసరికి పాయింటు, అంటే బండి ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్ళే చోటు, సగంలో ఇరుక్కుంది. కింద దూరి చెక్కముక్క దన్ను పెట్టాడు. ఇటు సరిచేస్తే అటు పాడవుతుంది. నాలుగు రోజుల్లో తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి మిగిలింది పట్టాల మధ్య కంకర. ఇసకలోంచి జల్లెడ పట్టి తీసిన రేణువులని చిన్న కుంచెతో పట్టాల మధ్య సర్ది, తెల్ల జిగురులో నీళ్ళు కలిపి, కంట్లో వేసుకునే మందు సీసాతో చుక్క చుక్కగా వదిలాడు. చుక్క పడితే కంకర దాన్ని గుటుక్కున పీల్చుకుంటుంది. ఆ పని చేస్తున్నంతసేపూ, నిజం చెప్పాలంటే, ఆయనకి కాస్త హాయిగా కూడా ఉంది. మధ్య స్టేషన్ రెండో లైను పక్కన అటు చెట్లూ ఇటు కంకరా చూసి, పర్వాలేదే అనుకున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ బల్లని చూసి ఆయన అలా అనుకోవడం అదే మొదలు. అలసటతో కళ్ళు మండుతుండగా పట్టాల మీద ఒకసారి గుడ్డ లాగి ఇంటికి పోయాడు. ఒక్కసారే. రోజూ అయితే మూడుసార్లు లాగేవాడు.

మర్నాడు పరీక్షలు. నిద్ర చాలక ఆలస్యంగా వచ్చాడు, పొద్దుటి తుడుపు కుదరలేదు. ఆ రోజు నాలుగో మనిషి ఒక ఆడమనిషి. నలభైకి అటూ ఇటూ. పదిహేనేళ్ళుగా స్టేషన్ యార్డులో జెండా ఊపుతూ, పెట్టెలు తగిలిస్తూ పనిచేస్తోంది. అందరూ జెండా అక్క అంటారు. యార్డు పనివాళ్ళకి స్టేషన్ మాస్టర్ పరీక్ష రాసుకునే హక్కుంది, కానీ మూడే మూడుసార్లు. మూడూ తప్పితే ఇక జీవితాంతం జెండానే. ఆమెకిది మూడోసారి. ఆ సంగతి పాఠశాలలో టీ ఇచ్చే మనిషి దగ్గర్నుంచి అందరికీ తెలుసు.

తెర వెనకనుంచి మేస్త్రి ఆమె మీటల చప్పుడు విన్నాడు. తొట్రుపాటు లేదు. లాగేముందు ఒక్క క్షణం ఆగుతుంది, దీపాలు చూసుకుంటోందన్నమాట, ఆ తర్వాత ఒక్కసారే లాగుతుంది. ఈమె నెగ్గుతుంది అనుకున్నాడు. నిజం స్టేషన్లో ఇలాంటి చెయ్యే కావాలి అని కూడా అనుకున్నాడు.

పరీక్ష చివర్లో ఒక ఉచ్చు ఉంటుంది. సరుకుల బండి ఒకటి రెండో లైన్లోకొచ్చి ఆగుతుంది. అది బయల్దేరేటప్పుడు పరీక్షాధికారి తెర మీద వేలితో రెండుసార్లు తట్టుతారు. అప్పుడు మేస్త్రి చప్పుడు కాకుండా చివరి పెట్టె కొక్కెం తప్పించాలి. బండి వెళ్ళిపోతుంది, పెట్టె ఒంటరిగా లైన్లో మిగిలిపోతుంది. ప్యానెల్ మీద ఎరుపు ఆరదు. అది గమనించి తర్వాతి బండిని వేరే లైన్లోకి మళ్ళించేవాళ్ళు నెగ్గుతారు. బండి పోయింది కదా, లైను ఖాళీయే కదా అని ధీమాగా ఉన్నవాళ్ళు తప్పుతారు.

తెర రెండుసార్లు అదిరింది. మేస్త్రి కొక్కెం తప్పించాడు. సరుకుల బండి పోయింది. తెర అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత మీట పడ్డ చప్పుడు. పాయింటు కదిలింది. కదిలింది రెండో లైనుకే. ప్రయాణికుల బండి వంపు తిరిగి, పద్దెనిమిది చెట్ల పక్కనుంచి, నేరుగా ఆ ఒంటరి పెట్టె మీదికి వస్తోంది. అయ్యో తల్లీ, చూసుకోలేదే అనుకున్నాడు మేస్త్రి. తెర వెనక మనిషి నోరు విప్పకూడదు. అది రూలు.

టక్ మంది. ఇంజను పక్కకి ఒరిగింది.

"అయిపోయింది," అన్నారు పరీక్షాధికారి అవతల. ఆయన గొంతులో సంతోషమేం లేదు.

"దీపం వెలగలేదు సార్," అంది ఆమె.

"తప్పినవాళ్ళందరూ అదే అంటారమ్మా."

ఈలోగా తెరకి ఇటు మేస్త్రి చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఒక చెయ్యి ఇంజన్ని ఎత్తింది, పెట్టెని పక్కన పెట్టింది. రెండో చెయ్యి జేబులోంచి స్పిరిట్ గుడ్డ తీసి రెండు పట్టాలనీ అటునుంచి ఇటు, ఇటునుంచి అటు, గట్టిగా మూడుసార్లు తుడిచేసింది. తుడిచాక గుడ్డ మడత మార్చబోయి చూశాడు. దాని మీద పలచటి పొర, పాల మీద మీగడలాగా, మెరుస్తోంది. జిగురు. కంకర పీల్చుకోకుండా పట్టా మీదికెక్కి ఆరిన జిగురు. మొదటి ముగ్గురికీ పెట్టె ఇక్కడ కాదు, జానెడు అవతల మిగిలింది.

గుడ్డని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పరీక్షాధికారి తెర జరిపి వచ్చారు. "ఆ పెట్టెని ఎక్కడుందో అక్కడే మళ్ళీ పెట్టు మేస్త్రీ." మేస్త్రి పెట్టాడు. అవతల ప్యానెల్ మీద రెండో లైను ఎర్రగా, పెళ్ళికూతురి బొట్టంత ఎర్రగా వెలిగింది. "చూశావా అమ్మా? వెలుగుతోంది." తెర సందులోంచి మేస్త్రికి ఆమె కనపడింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి దీపం వైపే చూస్తోంది. తనకే కళ్ళు పోయాయేమో అని ఆమె ఆ క్షణంలో నిజంగా అనుకుని ఉంటుంది. తర్వాత "సరే సార్" అని వెళ్ళిపోయింది.

మేస్త్రి ఒక్క మాట అనలేదు. ఎందుకనలేదు అంటే ఇరవై ఆరేళ్ళుగా అనలేదు కాబట్టి. అంతకన్నా మంచి కారణం నాకు దొరకలేదు, ఆయనకీ దొరకలేదు.

ఇంటికెళ్ళి చెప్పులు విప్పకుండానే భార్యకి చెప్పాడు. ఆవిడ దారం కొరుకుతూ అంతా విని, దారం ఉమ్మేసి అడిగింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు? నోట్లో స్క్రూలున్నాయా?"

"ఏమో. నోరు పెగల్లేదు."

"నేను గౌను చెయ్యి తప్పు కుడితే ఏం చేస్తాను? విప్పి మళ్ళీ కుడతాను. ఒంట్లో ఓపిక లేకపోయినా సరే, విప్పాల్సిందే. పొద్దున్నే వెళ్ళి విప్పండి."

పొద్దున్నే వెళ్ళాడు. ప్రిన్సిపాల్ గదిలో పరీక్షాధికారి ఫలితాల కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు. మేస్త్రి గుమ్మంలో నిలబడే చెప్పాడు. జిగురు సంగతి, తుడిచిన సంగతి, గుడ్డ సంగతి. గుడ్డ కూడా తెచ్చాడు. పరీక్షాధికారి దాన్ని వేళ్ళతో పట్టుకుని చూసి కాగితాల పక్కన పెట్టారు.

"వారం రోజులుగా కొండలు అతికిస్తున్నావు. నీ చొక్కా మీద కూడా జిగురుంది. దీన్నిబట్టి ఏం తేలుతుంది?"

"మూడో లైన్లో కూడా అదే రోజు, అదే జిగురు వేశాను సార్. దాన్నింకా గట్టిగా తుడవలేదు. పెట్టె పెట్టి చూడండి. వెలగదు."

ప్రిన్సిపాల్ గారు కూడా లేచారు, ముగ్గురూ పైకి వెళ్ళారు. మేస్త్రి మూడో లైన్లో పెట్టె పెట్టాడు. దీపం వెలిగింది. జానెడు ముందుకి జరిపాడు. వెలిగింది. వెనక్కి జరిపాడు. వెలిగింది. అక్కడ కంకర బుద్ధిగా జిగురంతా పీల్చుకుంది. పనికిమాలిన చోట పని బాగా కుదరడం ఆయనకి కొత్త కాదు గానీ, ఆ రోజు మాత్రం ఆ దీపాన్ని రాయి పెట్టి కొట్టాలనిపించింది.

పరీక్షాధికారి కోప్పడలేదు. ఆయన పట్టింపున్న మనిషి, అన్యాయస్థుడు కాదు. "లోపాల పుస్తకం తీసుకురా," అన్నారు.

రైల్వేలో సిగ్నళ్ళ పని చేసే ఎవరినైనా నిద్రలో లేపి అడగండి, చెబుతారు: చెయ్యి పెట్టేముందు రాయాలి. ఏ లోపం, ఎప్పుడు, ఎక్కడ. రాసి, సంతకం పెట్టి, అప్పుడు ముట్టుకోవాలి. బొమ్మ బల్లకి కూడా అలాంటి పుస్తకం ఒకటి ఇచ్చారు. బీరువాలోంచి మేస్త్రి దాన్ని తెచ్చాడు. దుమ్ము కూడా లేదు, ఎందుకంటే దాన్నీ తుడుస్తాడు. మొదటి పేజీలో, ఇరవై ఆరేళ్ళ కిందటి ఆయన గుండ్రటి చేతిరాతలో, పుస్తకం అందినట్టు ఒక వాక్యం. తర్వాత అన్నీ తెల్ల పేజీలు.

ఆ తెల్ల పేజీలంటే ఆయనకి ప్రాణం. వచ్చిన ప్రిన్సిపాల్ వచ్చినట్టల్లా ఆ పుస్తకం తిరగేసి, శభాష్ మేస్త్రీ, ఒక్క లోపం లేదు అని భుజం తట్టేవారు. ఆయన ఉద్యోగంలో భుజం తట్టించుకున్న సందర్భాలు అవే. లోపం రాగానే ఎవరికీ తెలియకుండా సరిచేసేసి, రాయకుండా ఉండటమే పనితనం అనుకున్నాడు.

పరీక్షాధికారి పుస్తకం మూసి మెల్లగా అన్నారు. "ఇరవై ఆరేళ్ళలో ఒక్క లోపం లేని బల్ల మేస్త్రీ ఇది. నిన్న ఒక్కరోజు, ఒక్క మనిషికి, ఒక్క నిమిషం మాత్రం అబద్ధం చెప్పిందా? నేను నమ్ముతాను అనుకో. కాగితం నమ్మదు. కాగితం ప్రకారం బల్ల ఎప్పుడూ తప్పు చెయ్యదు. కాబట్టి తప్పింది ఆమే."

మేస్త్రి మూసిన పుస్తకం మీద చెయ్యి వేశాడు. ఆయన ఆలోచిస్తున్నది జెండా అక్క గురించి కూడా కాదు. దీపం వెలగలేదు సార్ అని ఈ తెర వెనకనుంచి తాను ఎన్నిసార్లు విన్నాడు? ఎన్నిసార్లు విని, ఇదొక వంక అనుకుని, చేత్తో తుడుస్తూ నవ్వుకున్నాడు?

"నేను రాస్తాను సార్," అన్నాడు.

"జరిగిపోయాక రాసిన ఒక్క వాక్యానికి విలువ ఉండదు."

"ఒక్కటి కాదు సార్. అన్నీ రాస్తాను."

పరీక్షాధికారి ఆయన మొహంలోకి చూసి, సంతకాలు పెట్టాల్సిన కాగితాల్లోంచి ఒకటి తీసి పక్కన పెట్టారు. "రెండు రోజులు," అన్నారు.

రెండు రోజులు మేస్త్రి కిటికీ పక్కన స్టూలు వేసుకుని రాశాడు. రాత అలవాటు తప్పి వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఎలకలు వైర్లు కొరికిన ఏడాది. వానాకాలం గోడ చెమ్మ పట్టి మొదటి స్టేషన్ దీపాలు వాటంతటవే వెలిగి ఆరిన నెల. ఏడో మీట సంగతి: అది లాగితే పాయింటు పూర్తిగా పడదు, ఒక సన్నం సందు మిగులుతుంది, తాను తెర వెనకనుంచి బల్ల కాలుని మోకాలితో తట్టితే పడుతుంది. ఎన్నేళ్ళుగా తట్టుతున్నావంటే పదకొండేళ్ళు. ఎందుకు సరిచెయ్యలేదంటే తట్టడం తేలిక కాబట్టి. అదీ రాశాడు. తేదీలు తెలిసినచోట తేదీ, తెలియనిచోట "సుమారుగా" అని. ఒక్కొక్క లోపం రాసేటప్పుడు తెర అవతల ఎవరో ఒకరి మీట చప్పుడు చెవుల్లో వినపడేది.

మధ్యలో ప్రిన్సిపాల్ గారు వచ్చి భుజం మీదుగా చదివి నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

"ఏం చేస్తున్నావో తెలుస్తోందా నీకు? ఇది నేను పైకి పంపితే బల్ల పరీక్షకి పనికిరాదని రాస్తారు. గదికి తాళం వేస్తారు. బృందం వచ్చేది తొమ్మిది రోజుల్లో. కొండలన్నీ పెట్టావు, ఇప్పుడిప్పుడే కళ వచ్చింది. నీ ఇరవై ఆరేళ్ళ కష్టమయ్యా ఇది!"

"అవును సార్."

"ఒక్క ఆవిడ కోసమా?"

"అలిసిపోయాను సార్," అన్నాడు. "మోకాలు నెప్పి పుడుతోంది." ప్రిన్సిపాల్ గారికి అర్థమైందో లేదో, వెళ్ళిపోయారు.

మొత్తం నలభై ఒక్క లోపాలు తేలాయి, తొమ్మిది పేజీల నిండా. పుస్తకం పైకి వెళ్ళింది. వారం తిరక్కుండానే కాగితం వచ్చింది. అందులో మొదటి ముక్క: బల్ల పరీక్షలకి తగినది కాదు, వాడకం ఆపాలి. రెండో ముక్క: ఆ రోజు ఆ ప్యానెల్ మీద జరిగిన పరీక్షలు చెల్లవు, నలుగురికీ వేరే పాఠశాలలో మళ్ళీ పెట్టాలి. నెగ్గిన ముగ్గురూ మేస్త్రిని తిట్టుకున్నారు. వాళ్ళ తిట్లలో తప్పేం లేదు. గదికి తాళం పడింది. కొండల మీద దుప్పటి కప్పడానికి వెళ్ళినప్పుడు గడ్డి అప్పుడే అక్కడక్కడా రాలుతోంది. వాడింది మైదా జిగురు కదా, చీమలు పట్టాయి. అలవాటు కొద్దీ గుడ్డ తీసి, పట్టాల మీద పెట్టబోయి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఆయన్ని కింద స్టోర్సులో వేశారు. యార్డు మనుషులకి జెండాలూ దీపాలూ చొక్కాలూ ఇచ్చి సంతకం తీసుకోవడం. కూచుని చేసే పని. భార్య సంతోషించింది, నడుము సగం తగ్గుతుందని. నడుము తగ్గింది. మనిషిలో మిగతాది ఏదో అలాగే కుంగి ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం జెండా అక్క వచ్చింది. స్టోర్సు కిటికీకి అవతల నిలబడి, "మేస్త్రి గారంటే మీరేనా అన్నయ్యా?" అంది. ఒకే గదిలో మూడుసార్లు మూడు గంటల చొప్పున ఉన్న ఇద్దరు మనుషులు ఒకరి మొహం ఒకరు దగ్గరగా చూసుకోవడం అదే మొదటిసారి.

"నేనేనమ్మా. పరీక్ష ఎలా అయింది?"

"అయింది. నెగ్గాను. వచ్చే నెల స్టేషన్ ఇస్తారట."

"సంతోషం తల్లీ."

"అందరూ మీ దగ్గరికెళ్ళి దణ్ణం పెట్టమన్నారు. పెట్టేముందు ఒకటి అడగాలని వచ్చాను." ఆమె గొంతులో కోపం లేదు. చాలా రోజులు ఆలోచించుకుని వచ్చిన మనిషి గొంతు అది. "మూడోసారి తప్పు నాది కాదని తేలింది. మరి మొదటి రెండుసార్లూ?"

మేస్త్రికి ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. నలభై ఒకటి రాసినప్పుడే తెలుసు. అబద్ధం చెబితే ఆమె నమ్ముతుంది. ఇన్నాళ్ళూ ఆ గదిలో అందరూ నమ్మినట్టే.

"మొదటిసారిది నీదేనమ్మా. తొందరపడ్డావు. నాకు గుర్తుంది." అని ఆగాడు. "రెండోసారి ఏడో మీట లాగావు. సరిగ్గానే లాగావు. పాయింటు పడలేదు. నేను మోకాలితో తట్టాను గానీ, ఆలస్యంగా తట్టాను. అప్పటికే బండి పట్టా తప్పింది. నువ్వు మీట సగమే లాగావని రాసుకున్నారు. అది నీ తప్పు కాదు."

ఆమె వెనక్కి కట్టుకున్న చేతుల్లోంచి ఎడమ చెయ్యి తెచ్చి కిటికీ చెక్క మీద పెట్టింది. చిటికెనవేలూ ఉంగరపువేలూ రెండో కణుపు దగ్గరే ఆగిపోయాయి.

"ఆ తర్వాతి ఏడాది," అంది. "పెట్టెలు తగిలిస్తుంటే."

మేస్త్రి ఆ చేతిని చూశాడు. క్షమించమ్మా అనబోయాడు. ఆ మాట అంత చిన్నదని అప్పటిదాకా ఆయనకి తెలియదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"ఇది పుస్తకంలో రాశారా?" అని అడిగింది ఆమె.

"ఏడో మీట సంగతి రాశాను. నీ సంగతి రాయలేదు."

"అది కూడా రాయండి అన్నయ్యా."

లోపాల పుస్తకం తిరిగొచ్చి స్టోర్సు బీరువాలోనే ఉంది. మేస్త్రి లేచి వెళ్ళి తెచ్చాడు. తొమ్మిది పేజీలు తిప్పి, పదో పేజీ మొదట్లో నలభై రెండు అని అంకె వేశాడు. ఆమె కిటికీలోంచి వంగి చూస్తూ నిలబడింది. ఆ రెండో పరీక్ష తేదీ ఆయనకి గుర్తు లేదు. ఆమే చెప్పింది.